మాస్టారి పడకకుర్చీ కిర్రు

తమ్మిలేరు తెచ్చి పోయగా, బుడమేరు తెచ్చి కుమ్మరింపగా, ఉప్పుటేరు ఎంత మోసికొనిపోయినను తరుగక, ఆకాశము క్రింద రెండవ ఆకాశమువలె పరచుకొన్న కొల్లేటికి ఉత్తరపు గట్టున, ఏలూరు బస్సు దిగి మూడు చేపల చెరువులు దాటి నడిచిన గాని కనబడని ఒకానొక గ్రామమందు, శ్రావణమాసమున, మూసిన తలుపులు తెరుచుకొనక, తెరిచిన తలుపులు మూసికొనక, జాడీలోని ఉప్పు తనంతట తానే నీరగుచు, అగ్గిపుల్ల పదిమార్లు గీసిన గాని వెలుగనొల్లని ఆ తేమ దినములలో, ఒక మహాయుద్ధము జరిగెను.

అది సింహాసనము కొరకు జరిగిన యుద్ధము కాదు. గోవుల కొరకు కాదు. చేపల చెరువు లీజు కొరకు కూడ కాదు. ఒక్క కిర్రు కొరకు జరిగినది. కుర్చీలోనుండి మనిషి లేచునపుడు కొయ్య చేయు ఆ చిన్న చప్పుడు కొరకు. వినువారు మధ్యలో నవ్వరాదు. నవ్వు ఆగనిచో పమిటచెంగు అడ్డము పెట్టుకొనవచ్చును.

ఆ యుద్ధమునకు నాయకుడు ఎలీషా అను వడ్రంగి. రంపపుపొట్టుచే ధూసరితమైన మీసములు గలవాడు, కుడిచెవిపై పెన్సిలును కిరీటపు తురాయివలె ధరించువాడు, ఉలిధరుడు, చిత్రికపాణి, జీవితములో ఇనుప మేకును ముట్టనని మరణశయ్యపైనున్న తండ్రికి మాట ఇచ్చి నిలుపుకొన్న నిర్మేకవ్రతుడు. మేకు లేక కొయ్యకు కొయ్య ఎట్లు అతుకునని అడుగువారికి ఆ విద్య ఇట్టిది: ఒక కొయ్య చివరను నాలుకవలె చెక్కుదురు, అది కుసి. ఎదుటి కొయ్యలో ఆ నాలుక పట్టునంత రంధ్రము తొలుతురు, అది బెజ్జము. కుసి బెజ్జములో దూరి కూర్చున్న పిమ్మట రెంటిని కలిపి అడ్డముగా ఒక కొయ్యచీల దిగగొట్టుదురు. ఎలీషా కలిపిన కుసిబెజ్జములను విడదీయుట మనుష్యమాత్రుని తరము కాదు. ఉండిలో ఒక చర్చికి ఆయన చేసిన బల్లలపై నలుబదిమంది సండేస్కూలు పిల్లలు ఒక్కమారు దూకినను బల్ల కిమ్మనలేదు, పిల్లలే అరచిరి. తణుకులో ఒక డాక్టరుగారింట ఆయన బిగించిన ఉయ్యాలబల్ల ఎంత నిశ్శబ్దముగా ఊగునో, దానిపై ఎవరైన ఉన్నారో లేరో చూచిన గాని తెలియదు.

తండ్రి నేర్పిన సూత్రము ఒక్కటే. చప్పుడు చేసే అతుకు చేతకానివాడి అతుకు. దీనిని ఎలీషా ప్రార్థనతో సమానముగా తలచును.

ఇట్లుండగా, ఆ గ్రామమున ముప్పదియేండ్లు తెలుగు పాఠము చెప్పి రిటైరైన అచ్యుతరావు మాస్టారి పడకకుర్చీ, ఇరువదిరెండేండ్లు ఆయనను మోసి మోసి, చెదపురుగులకు ఆహారమై కూలెను. రెండు మాసములు ఆయన ప్లాస్టిక్ కుర్చీపై కాలము గడిపి, తన నడుము పద్యములోని యతివలె తప్పిపోవుచున్నదని గ్రహించి, పూర్వశిష్యుడైన ఎలీషాను పిలిపించెను. తన ఇంటి వరండాలో, నడుముపై ఒక చేయి, గాలిలో ఒక చేయి ఉంచి, పదవతరగతికి పాఠము చెప్పునట్లు పలికెను.

“ఒరేయ్ ఎలీషా, ఇరవైరెండేళ్ళు ఆ పాతకుర్చీ నా పరువు తీసిందిరా. నేను లేస్తే ఊరికి తెలియాలా? సూర్యుడు లేస్తున్నాడు, చప్పుడవుతోందా? చంద్రుడు లేస్తున్నాడు, అవుతోందా? ఆకు మీద మంచు వాలినట్టు కూర్చోవాలి. ఆ మంచు ఆరిపోయినట్టు లేవాలి. అలాంటి కుర్చీ చెయ్యి.”

“అలాగేనండి మాస్టారండీ. మీరు లేచినట్టు మీకే తెలీదండి,” అని ఎలీషా చేతులు కట్టుకొని మాట ఇచ్చెను. ఆ మాట ఇచ్చుటకు ఆయనకు క్షణము పట్టలేదు, ఏలయన నిశ్శబ్దము ఆయన చేతిలో పుట్టిన బిడ్డ.

కొలతలు తీసికొని ఎలీషా సైకిలు త్రిప్పుచుండగా, పెరటి చేతిపంపు దగ్గర బిందె నింపుచున్నట్లు నటించుచున్న మాస్టారి భార్య రాజ్యమ్మగారు చేయి ఊపి పిలిచెను. బిందె అప్పటికే నిండి పొర్లుచుండెను.

“ఎలీషా, ఒక్కమాట నాయనా. ఆ కుర్చీ కిర్రుమనాలి.”

“ఏంటండీ?”

“కూర్చున్నప్పుడొద్దు. లేచినప్పుడు. ఒక్కసారంటే చాలు.”

ఎలీషా చెవిమీది పెన్సిలు జారి క్రిందపడెను. ఆమె నలుదిక్కులు చూచి, గొంతు తగ్గించి, ఆ గృహమున ఇరువదిరెండేండ్లుగా జరుగుచున్న రహస్య యుద్ధనీతిని చెప్పెను. వంటింటి అలమరలో, వచ్చిపోవు చుట్టముల కొరకు ఒక స్టీలు డబ్బానిండ బెల్లం గవ్వలుండును. మాస్టారికి షుగరు వ్యాధి ఉన్నది. ప్రతిదినము మధ్యాహ్నము మూడుగంటలకు, ఆమె గదిలో కునుకు తీయుచుండగా, మాస్టారు పేపరు మడిచి, ఆ డబ్బాపై దండయాత్రకు లేచెడివారు. లేవగనే పాతకుర్చీ కిర్రుమనెడిది. ఆ చప్పుడుకు ఆమె కన్ను తెరువకుండగనే ఒక్కమారు దగ్గెడిది. ఆ దగ్గు వినిన మాస్టారు పంచె సర్దుకొనుటకే లేచినట్లు సర్దుకొని మరల కూర్చుండెడివారు. అంతే. ఇన్నేండ్లలో ఈ సంగతి ఆ దంపతులు ఒకరితో ఒకరు ఒక్కనాడు పలుకలేదు.

కుర్చీ కూలెను. ప్లాస్టిక్ కుర్చీకి నోరు లేదు. రెండు మాసములలో డబ్బా మూడుమార్లు ఖాళీ అయ్యెను. మాస్టారి కాలి బొటనవ్రేలికి చెప్పు ఒరసిన చిన్న పుండు నలుబదిదినములు మానలేదు. ఏలూరు డాక్టరు కట్టు విప్పి చూచి, ఈసారికి వ్రేలు దక్కినదనియు, మరియొకసారి ఇట్లయిన తాను చెప్పలేననియు అనెను. అప్పటినుండి రాజ్యమ్మగారు మధ్యాహ్నము నిద్ర మాని వంటింటి గడపకు ఆనుకొని కూర్చుండుచున్నది.

“కాపలా కాయలేకపోతున్నాను నాయనా. అరవై ఏడొచ్చాయి. నాకూ ఓ కునుకు పట్టాలి కదా.”

“డబ్బా దాచేస్తే పోద్ది కదండీ అమ్మగారూ?” అని ఎలీషా అనెను.

ఆమె బిందెను చంకనెత్తుకొని, ఆయనను బడిపిల్లవానిని చూచినట్లు చూచెను. “దాస్తే ఆయన్ని దొంగని చేసినట్టు కాదూ? ముప్పై ఏళ్ళు పిల్లలకి తప్పొప్పులు చెప్పిన మనిషి. డబ్బా అక్కడే ఉండాలి. ఆయనే కూర్చోవాలి.”

ఈ మాటకు ఎదురు పలుకగల వీరుడు ఇంతవరకు పుట్టలేదు. అలాగేనండి అని ఎలీషా అనెను. గేటు దాటిన తరువాత గాని, ఒక్క నోటితో ఒక్క ఉదయమున ఒక్క కుర్చీకి రెండు విరుద్ధమైన మాటలు ఇచ్చితినని ఆయనకు తోచలేదు.

తాడేపల్లిగూడెము టింబరు డిపోలో నాలుగేండ్లు ఆరిన టేకును ఎన్నుకొని, వ్రేలితో మీటి, చెవి ఆనించి, తెచ్చి, ఎనిమిది దినములు కోసి, చిత్రికపట్టి, పదునాలుగు కుసులు పదునాలుగు బెజ్జములు చెక్కి, ఎలీషా ఆ కుర్చీని నిలబెట్టెను. అది నిలబడిన తీరు చూచి పెరటికోళ్ళు సైతము దూరముగా నడిచెను. పదుమూడు అతుకులు వజ్రసమానములు. పదునాలుగవది, ఎడమచేతి బద్ద ముందుకాలిపై కూర్చుండు చోటు. మనిషి లేచునపుడు బరువంతయు చేతులపై వేయును గనుక, కిర్రు పుట్టవలసిన గర్భస్థానము అదియే అని ఎలీషా నిశ్చయించెను.

మొదటిదినము. వీరుడు ఉలి నూరెను. ఏ ఉలి పొరపాటుననైన ఒక్క అదనపు పొర తీయలేదో, ఆ ఉలితో, కంట నీరు పెట్టుకొని, కుసిని వెంట్రుకవాసి సన్నము చేసెను. చీల దిగగొట్టి బద్దపై పిడికిలి ఆనించి నొక్కెను. కిర్. అది సగము కిర్రే గాని కిర్రే. ఎలీషా కండువా గాలిలోనికి విసరెను. రాత్రి కొల్లేటిమీదినుండి తడిగాలి వచ్చెను. ఆ గాలి కన్నముల గుండ, కిటికీల గుండ ప్రవేశించి, టేకుకుసిని తల్లి బిడ్డకు పాలిచ్చినట్లు ఉబ్బించెను. తెల్లవారుసరికి అతుకు బిగిసి, కుర్చీ మౌనమునిగా మారెను.

రెండవదినము. కాగితము మందము తీసెను. మధ్యాహ్నము వరకు కిర్రు నిలిచెను. మూడుగంటలకు తుంపర. సాయంకాలమునకు మౌనము.

మూడవదినము. క్రోధారుణనేత్రుడై, తండ్రి సూత్రమును మరచి, ఎలీషా బియ్యపుగింజ మందము తెగకోసెను. అప్పుడు కుర్చీ ఏమి చేసెను? అరవలేదు. ఊగెను. కిర్రుమను కుర్చీ మనిషిని పట్టియిచ్చును గాని, ఊగు కుర్చీ మనిషిని పడవేయును. మాస్టారి బొటనవ్రేలు కాపాడబోయి తుంటియెముక విరుగగొట్టుట ధర్మమా? ఎలీషా ఆ ముందుకాలిని తీసి పొయ్యిలోనికి పంపి, క్రొత్తకాలు చెక్కుటకు మరునాడంతయు ధారపోసెను. చెక్కిన ఆ క్రొత్తకాలు, కుసియెంతో బెజ్జమంతై, చీమ దూరుటకైన సందు లేక, ఎప్పటివలె పరమనిశ్శబ్దము. పనిని ఎట్లు చెడగొట్టవలెనో ఆ చేతికి తెలియదు. అదియే ఆ వీరునికి వచ్చిన కష్టము.

ఆయన భార్య విక్టోరియా కంచము ముందు పెట్టి, ఆయన తినకుండుట చూచి, చెంప చేతబట్టుకొనెను. “ఊళ్ళో అందరూ చప్పుడు రాకూడదనుకుంటారండీ. మీరేమో రావట్లేదని దిగులు పడుతున్నారు. మన మంచం పట్టుకెళ్ళి ఇచ్చెయ్యండి, కావలసినంత ఉంది.”

ఇందులో అబద్ధము లేదు. ఊరంతటికి మంచములు చేయు ఎలీషా ఇంట ఉన్నది మాత్రము సంతలో కొన్న మంచము, మరచీలలది. అది పక్క మార్చిన ప్రతిమారు ఊరు వినును. కాని ఆ చప్పుడు ఇనుముది, త్రుప్పుది. దానిని మాస్టారి కుర్చీలోనికి తెచ్చుట వ్రతభంగము. ఈ మాట ఎలీషా గంభీరముగా పలుకగా, విక్టోరియా, వ్రతము తరువాత చూడవచ్చును, ముందు పప్పు చల్లారుచున్నదని చెప్పెను.

ఆదివారము చర్చి విడిచిన పిమ్మట, ఇంటికి పోయి ఆ కుర్చీ ముఖము చూడలేక, ఎలీషా కొల్లేటి గట్టునకు పోయి, గొడుగు క్రింద చతికిలబడెను. సన్నని వాన. కొంగలు ఒంటికాలిపై నిలిచి ఆయనను జాలిగా చూచుచున్నట్లుండెను. దూరమున ఇస్సాకు అను ముసలి జాలరి, తాటిమాను తొలిచి చేసిన దోనెపై నిలిచి, గడకర్ర వేయుచు వచ్చుచుండెను. గడ వేసినపుడెల్ల ఆయన కాలు దోనెలోని అడ్డబల్లపై బరువుగా ఆనుచుండెను. ఆనినపుడెల్ల నీటిమీదుగా ఒక నాదము వచ్చుచుండెను.

కిర్రు.

ఎలీషా లేచెను. గొడుగు పడిపోయెను.

కిర్రు. వానలో. నడికొల్లేటిలో. తేమకు పుట్టినిల్లయిన చోట. స్పష్టముగా, పొడిగా, వేసవిలోని వలె, కిర్రు.

మోకాలిలోతు నీటిలోనికి దిగి దోనె ముక్కును పట్టుకొని ఆయన అడిగెను. “బాబాయ్, ఆ చప్పుడెక్కడిది?”

“అడ్డబల్ల చీలదిరా. తాటిచీల. మా అయ్య కొట్టింది.”

“వానకి బిగుసుకోదా?”

“ముప్పై ఏళ్ళబట్టి నీళ్ళలోనే ఉంది. ఇంకా ఎంత తాగుద్ది?” అని ఇస్సాకు నవ్వెను.

ఈ వాక్యము విని ఎలీషా కొంతసేపు నీటిలోనే నిలిచిపోయెను. టేకు కొల్లేటికి చుట్టము. వచ్చిన ప్రతిమారు పొంగిపోవును. తాటిచీల కొల్లేటి ఇంటి మనిషి, ఇక పొంగదు. ఇంత చిన్న సత్యము తన చదువులో ఎట్లు రాకపోయెనో అని ఆయన తలపట్టుకొనెను. ఆ చీలను తనకిమ్మని యాచించగా ఇస్సాకు క్షణమైన ఆలోచింపలేదు. “దీని అరుపుకి చేపలు పారిపోతన్నాయి. పట్టుకుపో. అరవనిదోటి కొట్టిపెట్టు.” ఎలీషా అక్కడికక్కడే తుమ్మకొమ్మ విరిచి, బాకువంటి కత్తితో చెక్కి, నిశ్శబ్దమైన చీలనొకటి దిగగొట్టి, బొటనవ్రేలంత ఆ నల్లని తాటిచీలను, యుద్ధమున వరముగా లభించిన అస్త్రమువలె, జేబురుమాలులో చుట్టి గుండెకానించుకొని ఇంటికి నడిచెను. ఆ సంతోషములో గొడుగు గట్టుపైనే విడిచిపెట్టెను.

ఇక ఆ అస్త్రసంధానము. కుసి ముట్టుకొనలేదు, అది గట్టిగానే ఉండవలెను, మాస్టారు పడరాదు. చీల దూరు రంధ్రమును మాత్రము ఒక్క పిసరు వెడల్పు చేసి, ఎడమబద్దపై బరువు పడినపుడు తాటిచీల టేకును పిల్లి గోడకు వీపు రుద్దుకొన్నంతగా ఒరయునట్లు అమర్చెను. పిడికిలితో నొక్కెను. కిర్రు. వాన వచ్చెను. కిర్రు. వాన వెలసెను. కిర్రు. అయిదు దినములు, ఉదయమొకమారు, సాయంకాలమొకమారు పరీక్షించెను. ఆరవదినము విక్టోరియా, తనకు నిద్రలోను అదే వినబడుచున్నదనియు, కుర్చీని తక్షణము పంపనిచో తాను పుట్టింటికి పోవుదుననియు ప్రకటించెను.

ట్రాలీ ఆటోపై, దుప్పటి కప్పుకొని, పెండ్లికుమార్తెవలె తల వంచుకొని ఆ కుర్చీ మాస్టారి వరండాకు వచ్చెను. మాస్టారు చుట్టు తిరిగి చూచెను. మేకు ఉన్నదేమో అని అద్దములు పెట్టుకొని వెదకెను. లేదు. కూర్చుండెను. ఆకుమీద మంచు వాలెను; చప్పుడు లేదు. వెనుకకు ఒరగెను. చప్పుడు లేదు. కాళ్ళు చాచెను. చప్పుడు లేదు. ఆయన కన్నులు అరమోడ్పులయ్యెను.

“భేష్ రా,” అనెను.

రాజ్యమ్మగారు కాఫీతో, చిన్న పళ్ళెములో రెండు బెల్లం గవ్వలతో వచ్చి ఎలీషాకు ఇచ్చి, వంటింటిలోనికి పోయెను. ఎలీషా ఒక గవ్వ నోటిలో వేసికొనెను. ఆ గవ్వ పళ్ళెమునుండి నోటివరకు చేసిన ప్రయాణమును మాస్టారి చూపులు ఆసాంతము వెంబడించెను. పిమ్మట ఆయన, శిష్యుని భుజము తట్టుటకు కాబోలు, రెండుచేతులు బద్దలపై ఆనించి లేచెను.

కిర్రు.

ఎలీషా నోటిలోని గవ్వ మ్రింగుడుపడలేదు. తన తండ్రి సూత్రము, తన పేరు, ఉండిలోని నలుబదిమంది పిల్లలు, అన్నియు ఆయన కన్నులముందు తిరిగెను. అదే క్షణమున వంటింటినుండి, ఎవరును పిలువకనే, రెండు మాసములు దాటిన పిమ్మట, అలవాటు తప్పక, ఒక దగ్గు వచ్చెను.

మాస్టారి చేయి తెలియకుండగనే పంచె సర్దుకొనెను. కూర్చుండెను. మెల్లగా, పరీక్షపేపరులో దిద్దుబాటు వెదకువానివలె, కుడిబద్దను నొక్కెను. చప్పుడు లేదు. ఎడమబద్దను నొక్కెను. కిర్రు. దగ్గు. మరల నొక్కెను. కిర్రు. దగ్గు. అద్దములపైనుండి ఎలీషాను చూచెను. ఎలీషా నేలను చూచెను. ముప్పదియేండ్ల క్రింద హోంవర్కు తేనినాడు కూడ ఆయన నేలను ఇంత శ్రద్ధగా చూడలేదు.

“ఒరేయ్,” అని మాస్టారు మెల్లగా అనెను. “నువ్వు చెయ్యలేక వచ్చిన చప్పుడు కాదిది.”

“కాదండి.”

“ఎన్నాళ్ళు పట్టింది?”

“కుర్చీకి ఎనిమిది రోజులండి. దీనికి పన్నెండండి.”

మాస్టారు ఎడమబద్దపై అరచేతిని, ఏదో జ్వరము చూచునట్లు, ఆనించి ఉంచెను. పిమ్మట, “సరే, కదపకు. బాగా కుదిరింది,” అని పేపరు విప్పి ముఖమునకు అడ్డము పెట్టుకొనెను. ఎలీషా రెండవ గవ్వను ముట్టక పళ్ళెములోనే విడిచి సెలవు తీసికొనెను. రాజ్యమ్మగారు దానిని తిరిగి డబ్బాలో వేసి లెక్కించెను. పదునేడు.

మరునాడు మధ్యాహ్నము మూడుగంటలు. వాన. రాజ్యమ్మగారు ఏలూరు డాక్టరు మాట విన్న తరువాత మొదటిసారి గదిలోనికి పోయి పడుకొనెను. మాస్టారు పేపరు మడిచెను. ఊరంతయు నిదురించుచుండెను, కొల్లేరు మాత్రము మేలుకొని గాలి పంపుచుండెను. ఆయన అలవాటుగా రెండుచేతులు ఆనించి లేచెను.

కిర్రు.

నిలబడి ఆగెను. దగ్గు రాలేదు.

ఆయన వేచెను. ఇరువదిరెండేండ్లలో కిర్రుకు దగ్గు రాకుండుట ఇదియే మొదలు. దారి తెరచియుండెను. ఎనిమిది అడుగులు, అలమర, డబ్బా. కావలి లేని కోట. మహావీరులకైన ఇట్టి అవకాశము జన్మకొక్కమారు వచ్చును. ఒక అడుగు వేసెను. రెండు. మూడవ అడుగు గది గుమ్మమువద్ద పడెను. లోపల ఆమె, చెంప క్రింద అరచేయి పెట్టుకొని, నోరు కొంచెము తెరచి, కాపలా అంతయు కుర్చీకి అప్పగించినదై, గాఢముగా నిదురించుచుండెను.

మాస్టారు గుమ్మమువద్ద పంచె సర్దుకొనెను. చూచువారెవ్వరు లేకున్నను సర్దుకొనెను. వెనుదిరిగి వచ్చి, ఎడమచేతిని గాలిలో ఎత్తిపట్టుకొని, బరువంతయు కుడిబద్దపై వేసి, చిన్న చప్పుడైన లేకుండ, ఆకుమీద మంచు వాలినట్లు, తనంతట తానే కూర్చుండెను.

వినినవారందరు తెలిసికొనవలసినది ఇది: ఆ సాయంకాలము రాజ్యమ్మగారు లేచి, జుట్టు ముడివేసికొని, డబ్బా మూత తీసి, ఒక్కొక్క గవ్వను వ్రేలితో తాకుచు లెక్కించెను. పదునేడు. కొల్లేటి గాలికి, వానకు, బెల్లమునకు, ముప్పదియేండ్ల తెలుగు పాండిత్యమునకు లొంగక, పదునేడును పదునేడుగానే నిలిచి జయించెను.